రెండు సాంగ్లీల అవతల దీవి

శ్రీరామనవమి వెళ్లిన మూడో రోజు, ఆదివారం, సాయంత్రం నాలుగూ పది నిమిషాలకు నేను మా పెద్దగది గడప మీద నిలబడి, అండమాన్‌లో టీచరు ఉద్యోగం వచ్చింది, పోతాను అని చెప్పాను. (గోడ గడియారం నాలుగుంపావు చూపించింది. అది అయిదు నిమిషాలు ముందు నడిచేది కాబట్టి తీసేశాను.) నాకప్పుడు ఇరవై రెండేళ్లు, ఇప్పుడు డెబ్బై మూడు. ఆ సాయంత్రం గురించి నన్ను అడిగేవాళ్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు కాబట్టి, ఎవరూ అడగకముందే చెప్పేస్తున్నాను.

ఆ రోజుల్లో మా ఇంట్లో దూరాన్ని సాంగ్లీలతో కొలిచేవారు. ఒక్కో ఇంటికి ఒక్కో కొలత ఉంటుంది. కొందరికి కోసు, కొందరికి ఒక చుట్ట కాలేంత సేపు, మా పక్కింటివాళ్లకు వాళ్ల అల్లుడి ఊరు. మా బాపు ఆర్మూరులో పసుపు అడ్తి నడిపేవాడు. రైతు తెచ్చిన బస్తాలను కొనేవాళ్లకు చూపించి, బేరం తెంపి, కాంటా పెట్టించి, తన కమీషను తాను తీసుకోవడం ఆయన పని. జీవితంలో ఒకే ఒక్కసారి పసుపు లారీలో డ్రైవరు పక్కన కూర్చుని మహారాష్ట్రలోని సాంగ్లి మార్కెట్ దాకా వెళ్లి వచ్చాడు. పోను ఆరు వందల కిలోమీటర్లని లారీ మీటరు చూసి మరీ చెప్పాడు. ఆ తర్వాత మాకు లోకంలో ఏ ఊరైనా సాంగ్లితోనే లెక్క. హైదరాబాదు అంటే సాంగ్లిలో మూడో వంతు. తిరుపతి సాంగ్లి మీద పావు ఎక్కువ. కాశీ రెండు సాంగ్లీలకు కాస్త తక్కువ, అది మా ఇంటి భూగోళానికి పొలిమేర. కాశీకి వెళ్లినవాళ్లు తిరిగి రావడం మావాళ్లు కళ్లారా చూశారు. దాన్ని దాటి వెళ్లినవాళ్ల గురించి మాకు కబురు లేదు.

నన్ను ఇంట్లో అందరూ తక్కెడ అనేవారు. చిన్నప్పుడు కిరాణా దుకాణం నుంచి బెల్లం తెచ్చి, బాపు తక్కెడలో మళ్లీ తూచి, తగ్గిన ముక్క కోసం వెనక్కి వెళ్లేదాన్ని. దుకాణదారు నన్ను దూరం నుంచి చూడగానే ఒక బెల్లం ముక్క చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉండేవాడట. లెక్క తప్పితే నాకు అన్నం సహించదు. ఇది గొప్ప అని అప్పట్లో నా నమ్మకం. జబ్బు అని మా అమ్మ నమ్మకం. ఇద్దరం చెరొక సగం రైటు అయి ఉంటాం.

ఉద్యోగం సంగతి మొదలుపెట్టింది కమ్మర్‌పల్లి మామ, అంటే మా అమ్మ తమ్ముడు. మనిషి మొక్కజొన్న, పసుపు పండించే రైతే కాని, కడుపులో ఎప్పుడూ ఒక ప్రయాణం ఉండేది. తాను పోలేని ఊళ్లకు ఇతరులను తోలడం ఆయన సరదా. ఒకరోజు పేపరులో ఒక ప్రకటన చూపించాడు: అండమాన్‌లో తెలుగువాళ్ల పిల్లలు చదివే ఒక బడికి లెక్కల టీచరు కావాలి. "రాసి పారెయ్యే తక్కెడా, పోయేదేముంది," అన్నాడు. రాసి పారేశాను. వాళ్లు పారేయలేదు. జూన్‌లో బడి తెరిచే రోజుకు వచ్చి చేరమని, ఉండడానికి గది ఇస్తామని, గది కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని, అక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు వాన పడుతుందని కాగితం వచ్చింది. నేను అప్పటిదాకా చూసిన అతి పెద్ద నీళ్లు పోచంపాడు డ్యాము వెనక నిలిచిన గోదావరి. ఎండాకాలంలో దానికి అవతలి గట్టు కనిపించేది. అవతలి గట్టు లేని నీళ్లు ఎలా ఉంటాయో చూడాలని నాకు ఎంత ఆశగా ఉండేదంటే, కాగితం వచ్చిన శుక్రవారమే వెళ్లి ఒక నల్ల గొడుగు కొన్నాను. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఎండలు మండిపోతున్న ఆర్మూరులో గొడుగు కొనడం తప్పు కాదు కాని, దాన్ని ట్రంకుపెట్టెలో అడుగున, బట్టల కింద దాచడం చూసి అమ్మకు అనుమానం వచ్చిందని తర్వాత తెలిసింది.

ఆదివారం మార్కెట్‌కు సెలవు. బాపు బల్ల మీద, బాపమ్మ నులకమంచం మీద, అమ్మ వంటగది తలుపు దగ్గర, మామ ఎక్కడా కూర్చోకుండా అన్నిచోట్లా. బాపమ్మ, అంటే బాపు వాళ్ల అమ్మ, మా ఇంట్లో ఆఖరి మాట. బాపు మార్కెట్లో ఎంత పెద్ద బేరమైనా తెంపేవాడు కాని, ఇంట్లో బాపమ్మ తల ఊపనిదే కొత్త చీపురు కూడా గడప దాటి వచ్చేది కాదు. నేను సంగతి చెప్పగానే ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"అండమానా? గది నల్లనీళ్ల జైలు గాదే? ఎవల్ని పొడిసినవని పోతున్నవ్?"

జైలు ఎప్పుడో మూసేశారని, ఇప్పుడు అక్కడ బడి తెరిచారని మామ సర్దిచెప్పబోయాడు.

"రెండిటికీ ఏం ఫరక్ ఉంది కొడుకా? రెండిట్ల గూడ గంట గొట్టినంకనే ఇడుస్తరు," అంది బాపమ్మ.

బాపు నవ్వలేదు. ఆయన మనసులో తూకం మొదలైందని నాకు తెలుసు. ఒకే ప్రశ్న అడిగాడు, ఎంత దూరం అని. మద్రాసు నుంచి ఓడలో మూడు నాలుగు రోజులు పడుతుందని నేను నోరు తెరవబోయాను. మామ నా కాలి మీద కాలు వేశాడు. ఓడ ఎందుకు, విమానం ఉండగా, అని తానే అందుకున్నాడు. విమానమంటే పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి దిగడమేనని, సాంగ్లి లారీలో బాపు రెండు రాత్రులు కూర్చున్న దానితో పోలిస్తే ఇది పక్కింటికి పోయినట్టేనని దంచాడు. బాపమ్మ నులకమంచం తాళ్లు సవరిస్తూ వింటోంది. వింటోంది అంటే ఆశ ఉన్నట్టే.

అప్పుడు బాపు చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "రెండు సాంగ్లీల లోపల ఉంటే పంపుత. కాశికి పంపిన అనుకుంట. ఒక్క అడుగు దాటినా పంప. గిది నా మాట, అవ్వ మాట గూడ." బాపమ్మ తల ఊపింది.

రెండు సాంగ్లీలు అంటే పన్నెండు వందల కిలోమీటర్లు. నా ఉద్యోగం, నా సముద్రం, ట్రంకుపెట్టె అడుగున ఉన్న గొడుగు, అన్నీ ఇప్పుడు ఆ పన్నెండు వందల ఇవతల ఉన్నాయా అవతల ఉన్నాయా అన్నదే ప్రశ్న.

ఆర్మూరు నుంచి హైదరాబాదు దాకా లెక్కలోకి రాదని బాపు మొదటే వదిలేశాడు. ఆ దారిలో ప్రతి పెద్ద ఊళ్లో మాకు చుట్టాలున్నారు; చుట్టాలున్న దూరం దూరం కాదు. కాబట్టి హైదరాబాదు నుంచి పోర్ట్ బ్లేయర్‌కు విమానం పోయే దూరం ఎంతో తేలాలి. (ఆ ఊరి పేరు ఈమధ్య మార్చారు. దూరం మార్చలేదు.) ఇక్కడ ఒక చిన్న చిక్కుంది. ఆ రోజుల్లో హైదరాబాదు నుంచి ఆ దీవికి నేరుగా విమానమే లేదు. మద్రాసుకో కలకత్తాకో వెళ్లి ఎక్కాలి. అంటే ఆ సాయంత్రం మా ఇంటిల్లిపాదీ, లేని విమానం పోని దారి ఎన్ని కిలోమీటర్లో తేల్చడానికి కూర్చున్నాం. ఈ సంగతి నేను చెప్పబోయినప్పుడు మామ రెండోసారి నా కాలు తొక్కాడు.

నా బడి రోజుల అట్లాసు తీశాను. మామ బస్తాలు కుట్టే సుతిలి తాడు తెచ్చాడు. అది పటం మీద పెడితే దాని కింద దీవులన్నీ మాయమయ్యాయి, పక్కనున్న దేశాలు కూడా కొంత మునిగాయి. సుతిలి పక్కన పడేసి, అమ్మ కుట్టు పెట్టెలోంచి సన్నదారం తెచ్చుకున్నాను. హైదరాబాదు చుక్క మీద ఒక కొస మామ వేలితో నొక్కిపట్టాడు, రెండో కొస నేను పట్టుకుని బంగాళాఖాతం దాటించాను. దారం కింద నీలిరంగు తప్ప ఏమీ లేదు, ఊరు లేదు, పేరు లేదు. బాపమ్మ మంచం దిగి వచ్చి చూసి, "గింత నీళ్లల్ల ఒక్క చెట్టు గూడ లేదేందే," అంది. పదకొండు సెంటీమీటర్లు వచ్చింది. సెంటీమీటరుకు నూట యాభై కిలోమీటర్లని పటం అడుగున రాసి ఉంది. మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ పదకొండే.

"పదహారు వందల యాభై," అన్నాను. "రెండుంముప్పావు సాంగ్లీలు."

వంటగదిలో అమ్మ చేతిలోని గరిట ఆగిపోయింది. బాపు కళ్లు మూసుకున్నాడు. బాపమ్మ తిరిగి మంచం మీదికి వెళ్లి కాళ్లు ముడుచుకుని కూర్చుంది, ఇక లేవవలసిన పని లేదన్నట్టు. అప్పుడు కమ్మర్‌పల్లి మామ గొంతు సవరించుకుని, మార్కెట్లో సరుకు తెచ్చిన రైతులా నడుము మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"మంచిది బావా. గిది కాంటా తూకం. ఇగ తరుగు దియ్యుండ్రి."

పసుపు మార్కెట్ తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. కాంటా మీద ఎంత తూగితే అంతకు డబ్బు లెక్కగట్టే అలవాటు మా మార్కెట్లో ఆ రోజుల్లో లేదు. బస్తా బరువు తీస్తారు. కొమ్ములకు అంటుకున్న మట్టికి కొంత తీస్తారు. లోపల ఇంకా ఆరని తేమకు కొంత, చెయ్యి పెట్టి చూసినప్పుడు రాలిన పొడికి కొంత. ఇదంతా తరుగు. రైతు గొణుగుతాడు, కొనేవాడు గీస్తాడు, చివరికి ఇద్దరికీ సరిపోయే ఒక అంకె దగ్గర ఆగుతారు. తరుగు తీయని తూకాన్ని మావాళ్లు ఎవరూ ఆఖరి తూకం అనుకోరు. ఇరవై ఏళ్లు అలాగే బతికిన ఇంట్లో ఒక అంకె వచ్చి పడితే, దానికి మాత్రం తరుగు ఉండకూడదని ఎందుకనుకుంటారు? బాపు కళ్లు తెరిచాడు. బాపమ్మ కాళ్లు మళ్లీ కిందికి దించింది.

మామ మొదలుపెట్టాడు. దారం లాగి పట్టుకున్నాం, లాగితే దారం సాగుతుంది, ఆ సాగుడుకు యాభై కిలోమీటర్లు తియ్యాలి. (సాగిన దారాన్ని వదిలితే కుంచించుకుపోతుంది కాబట్టి నిజానికి కలపాలి. నా కాలికి అప్పటికే రెండుసార్లు దెబ్బ తగిలింది, ఊరుకున్నాను.) పటంలో హైదరాబాదు చుక్క మిరియం గింజంత ఉంది, నిజం హైదరాబాదు అంత లావు ఉండదు కదా, ఆ వైపు పాతిక, దీవి వైపు పాతిక. ఇక మార్కెట్ ఆనవాయితీ ప్రకారం వందకు రెండు చొప్పున మామూలు తరుగు. ఇంతవరకు వచ్చేసరికి పదిహేను వందల పందొమ్మిది అయింది. చిల్లర వదిలెయ్యమన్నాడు మామ, పదిహేను వందలకు నిలబెట్టాడు.

బాపమ్మ అంత సులువుగా మోసపోయే మనిషి కాదు. తరుగు తీసేది పోను దూరానికేనా, మరి రాను దూరం మాటేమిటి అని అడిగింది. పిల్ల అక్కడే ఉండిపోతుందా, తిరిగి రాదా? వస్తే మూడు వేలు. మామకు చెమట పట్టింది. సాంగ్లి లారీ కూడా తిరిగొచ్చింది కదా అత్తమ్మా, రాను దూరం కలిపితే సాంగ్లి కూడా రెట్టింపవుతుంది, కాశీ కూడా అవుతుంది అన్నాడు. బాపమ్మ వేళ్లు మడిచి చూసుకుని, ఒప్పుకుంది. కాని నీళ్ల మీద పోయే దూరం నేల మీద దూరంతో సమానం కాదని, కింద కాలు మోపే చోటు లేదని, ఆ భయానికి వంద కలపాలని పట్టుబట్టింది. కలిపారు. అప్పుడు మామ, సాంగ్లి దారిలో ఘాట్లు, గుంతలు, చెక్‌పోస్టులు, టైరు పంక్చరు ఉన్నాయి, ఆకాశంలో అవేవీ లేవు, ఇది మట్టి అంటని పాలిష్ సరుకు, పాలిష్ సరుకుకు ఎక్కువ తరుగు న్యాయం అంటూ మూడు వందలు అడిగాడు. బాపు రెండు వందల దగ్గర బిగపట్టాడు. పద్నాలుగు వందలయింది. చీకటి పడుతోంది, అమ్మ దీపం వెలిగించి చాయ్ పెట్టింది. దూరం ఆ వెలుతురులో నా కళ్ల ముందే, ఉడకబెట్టి ఆరబోసిన పసుపులా కొంచెం కొంచెంగా ముడుచుకుపోతూ ఉంది.

పద్నాలుగు వందల దగ్గర బేరం తెగలేదు. ఇక మిగిలింది రుమాలు. పాతకాలం బేరాల్లో ఆఖరి మాట నోటితో చెప్పుకునేవారు కాదు. ఇద్దరూ చేతులు కలిపి మీద తలగుడ్డ కప్పుకునేవారు. దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని అంకెలు చెప్పుకునేవారు, చుట్టూ ఉన్నవాళ్లకు తెలియకుండా. ఇద్దరూ ఒప్పుకున్నాక గుడ్డ తీస్తారు, అంకె పైకి చెబుతారు. దానికి ఒక కట్టుబాటు ఉండేది: రుమాలు లేచాక సరుకుగలవాడు మళ్లీ నోరు తెరిస్తే బేరం చచ్చినట్టు. బస్తా ఇంటికి తిరిగి పోవలసిందే. ఆ మాట మీదే మార్కెట్ నిలబడిందని బాపు నమ్మకం. ఆయన ఇరవై ఏళ్ల అడ్తిలో రుమాలు రెండోసారి వేయలేదు.

బాపు భుజం మీది రుమాలు తీసి మామ చేతి మీద వేశాడు. గుడ్డ కింద వేళ్లు కదులుతున్నాయి, మామ కనుబొమ్మలు కదులుతున్నాయి, నా గుండె కదులుతోంది. ఒకసారి మామ తల అడ్డంగా ఊపాడు. ఒకసారి బాపు ఊపాడు. ఇద్దరూ ఒక్కసారి బాపమ్మ వైపు చూశారు. తర్వాత బాపు రుమాలు లేపి దులిపాడు.

"పదకొండు వందల తొంభై," అన్నాడు. "రెండు సాంగ్లీలకు పది తక్కువ. పోతది పిల్ల."

బాపమ్మ కళ్లు తుడుచుకుని, మరి అక్కడ మన పచ్చడి దొరకదు కదా, జాడీ కట్టాలి అంది. అమ్మ చాయ్ గ్లాసులు తెచ్చింది. మామ నా వైపు చూసి మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. నాకు ఉద్యోగం దొరికింది, సముద్రం దొరికింది, గొడుగు బయటికి తీయవచ్చు. నేను చేయవలసిన పని ఒక్కటే: చాయ్ తాగడం.

నేను గ్లాసు పట్టుకున్నాను. దారం ఇంకా పటం మీదే ఉంది. పదకొండు సెంటీమీటర్లు. పదకొండును నూట యాభైతో గుణిస్తే పదకొండు వందల తొంభై ఎలా వస్తుంది? నేను లెక్కల టీచరునని కాగితం ఇచ్చారు. ఆ కాగితం ఇచ్చినవాళ్ల ఊరి దూరమే తప్పు చెప్పి, ఆ ఊళ్లో దిగి, పిల్లలకు గుణకారం ఎలా నేర్పాలి? ఇదంతా నా బుర్రలో చాయ్ చల్లారేంతసేపు తిరిగింది. తర్వాత నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"బాపూ, గది తప్పు. పదహారు వందల యాభై."

చాయ్ తాగుతున్న మామకు పొలమారింది. బాపు చేతిలో రుమాలు అలాగే ఉంది. ఆయన నన్ను చూశాడు. కోపం లేదు. మార్కెట్లో మంచి సరుకు తెచ్చిన రైతు తన నోటితో తానే బేరం చెడగొట్టుకుంటున్నప్పుడు చూసే చూపు అది. తర్వాత ఆయన ఎన్నడూ చేయని పని చేశాడు. రుమాలును మళ్లీ మోకాలి మీద పరిచి, మెత్తగా అడిగాడు.

"నేను ఇనలే అనుకో. మల్ల అడుగుతున్న. ఎంత దూరం బిడ్డా?"

ఆ గదిలో అందరికీ అర్థమైంది. అమ్మ తలుపు వెనక నుంచి రెండు చేతులూ జోడించింది. మామ పెదవులతో చప్పుడు లేకుండా పదకొండు వందల తొంభై, పదకొండు వందల తొంభై అని జపం చేస్తున్నాడు. బాపమ్మ, ఇంతసేపూ వద్దన్న బాపమ్మ, "జర నిమ్మళంగ యాది జేసుకోని చెప్పే," అంది. అంతకంటే సులువైన ప్రశ్న నన్ను ఏ పరీక్షలోనూ ఎవరూ అడగలేదు. జవాబు కూడా ముందే చెప్పి అడిగారు.

"పదహారు వందల యాభై, బాపూ," అన్నాను. "పది అటో ఇటో."

బాపు రుమాలు మడిచి భుజం మీద వేసుకున్నాడు. "గట్లయితే బస్త ఇంటికే," అన్నాడు.

ఆ తర్వాత ఎవరూ అరవలేదు, ఏడవలేదు. బాపమ్మ అలిగింది, నా మీద కాదు, బాపు మీద. రెండోసారి అడిగినవాడివి మూడోసారి అడిగితే నీ నోరు అరుగుతుందా అని. అమ్మ చాయ్ గ్లాసులు తీసుకుపోతూ, ఇంతసేపు మూసుకున్నదానివి ఇంకొక్క గడియ మూసుకోలేకపోయావా అని మాత్రం అంది. మామ చెప్పులు వేసుకుంటూ నా దగ్గరికి వచ్చి, "నోట్లె పసుపుకొమ్ము వెట్టుకున్నా అయిపోతుండె గదనే," అని, ఆ రాత్రి కమ్మర్‌పల్లి బస్సు వెళ్లిపోయేదాకా మా ఇంటి అరుగు మీదే కూర్చుని, ఆఖరి లారీ ఎక్కి పోయాడు. నేను గదిలోకి వెళ్లి మళ్లీ ఒకసారి కొలిచాను. పదకొండే.

బాపుకు లెక్క రాదని మీరు అనుకుంటారేమో. ఆయన నోటితో వేసే వడ్డీ లెక్క నేను కాగితం మీద కూడా అంత తొందరగా వేయలేను. పదహారు వందల యాభై అంటే ఎంతో ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఆ సాయంత్రం ఆయనకు కావలసింది తన తల్లి ముందు పెట్టడానికి ఒక అంకె, తన గుండెకు చెప్పుకోవడానికి ఒక అంకె. ఆ గుడ్డ కింద ఆయన వేళ్లు మామ వేళ్లతో వాదించింది దూరం గురించి కాదని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. అర్థమయ్యాక అడుగుదామంటే ఆయన లేడు. ఉన్నన్నాళ్లూ మాత్రం దుకాణానికి ఎవరు కొత్తగా వచ్చినా నన్ను చూపించి, "మా తక్కెడ. ఒక్క కిలమీటరు తరుగు ఇయ్యలే," అని చెప్పేవాడు. తిట్టో పొగడ్తో ఆయన ముఖం చూసి ఎవరూ పోల్చుకోలేకపోయేవారు.

నాకు ఇక్కడే ఉద్యోగం వచ్చింది. మొదట ఆలూరులో, తర్వాత ముప్కాల్‌లో పదకొండేళ్లు, తర్వాత ఆర్మూరులోనే. ముప్కాల్‌కు రోజూ బస్సులో పోను రాను నలభై కిలోమీటర్లు, ఏడాదికి రెండు వందల పనిదినాలు. ఒకరోజు బస్సు పాడై రోడ్డు పక్కన కూర్చున్నప్పుడు ఊరికే లెక్క వేశాను. పదకొండేళ్లలో ఎనభై ఎనిమిది వేల కిలోమీటర్లు. అంటే నేను ఇరవై ఆరుసార్లు అండమాన్ పోయి వచ్చి, ఇరవై ఏడోసారి తిరిగి వస్తూ సముద్రం నడుమ ఉన్నాను. బస్సులో నా పక్కన ఎప్పుడూ ఎవరిదో ఒకరిది కూరగాయల గంప ఉండేది, సముద్రం మాత్రం కనిపించలేదు.

మొన్న చలికాలంలో కమ్మర్‌పల్లి మామ మనవరాలు (హైదరాబాదులో ఉద్యోగం, తాత పోలికే, కడుపులో ప్రయాణం; వరస ఏదైనా నన్ను అమ్మమ్మా అనే పిలుస్తుంది) ఒకరోజు ఫోన్ చేసి, అమ్మమ్మా, నాలుగు బట్టలు సర్దుకో అంది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. శంషాబాద్‌లో టికెట్ చేతికిచ్చాక చూశాను. హైదరాబాదు నుంచి నేరుగా, ఎక్కడా ఆగకుండా. మేము ఆ ఆదివారం కొలిచిన విమానం చివరికి వచ్చింది. ఆలస్యం యాభై ఏళ్లు.

విమానం లేచాక కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నాను. గట్టు దాటింది. తర్వాత గంటకు పైగా కింద నీలం తప్ప ఏమీ లేదు, బాపమ్మ చెప్పినట్టు ఒక్క చెట్టు కూడా లేదు. ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి మంచినీళ్లు ఇవ్వడానికి వస్తే, మనం పోయే దూరం ఎంతమ్మా అని అడిగాను. రెండున్నర గంటలు మేడం అంది. అది సమయం, నేను అడిగింది దూరం అన్నాను. పాపం, లోపలికి వెళ్లి పైలట్‌ను అడిగి వచ్చింది: ఈరోజు మబ్బులున్నాయి కాబట్టి కొంచెం చుట్టు తిరిగాం, పదిహేడు వందలు దాటింది అని చెప్పింది. మనవరాలు తన ఫోన్‌లో చూసి, నేరుగా అయితే పదహారు వందల అరవై దగ్గర అంటున్నారు అమ్మమ్మా అంది. పది అటో ఇటో అన్నాను కదా. సంతోషించాలి. సంతోషించాను కూడా, ఒక నిమిషం పాటు. తర్వాత ఇంకో లెక్క తట్టింది. రెండున్నర గంటలు పోను, రెండున్నర గంటలు రాను; పొద్దున ఎక్కితే చీకటి పడేలోపు తిరిగి రావచ్చు. బాపమ్మ ఉంటే ఆ దూరాన్ని దూరమే అనేది కాదు.

దిగగానే ఒడ్డుకు వెళ్లాం. అవతలి గట్టు లేదు. ఇసుకలో ఒక సిమెంటు బల్ల మీద కూర్చుని, మామకు ఫోన్ కలపమన్నాను. ఎనభై మూడేళ్లు ఆయనకు. చెవి మందం, కాబట్టి అరిచి మాట్లాడాలి. చుట్టుపక్కల ఉన్నవాళ్లందరికీ మా సంగతి తెలిసిపోయింది. మామ నేను ఎలా ఉన్నానని అడగలేదు, సముద్రం ఎలా ఉందని అడగలేదు.

"ఎంతొచ్చిందే?" అన్నాడు.

మనవరాలు నా వైపు చూసింది. విమానంలో అంత గొడవ చేసి మరీ తెలుసుకున్న అంకె నా నాలుక మీదే ఉంది. నీళ్లు వచ్చి నా చెప్పుల దాకా పాకి, వెనక్కి పోయాయి.

"పదకొండు వందల తొంభై, మామా," అన్నాను.

అవతలి నుంచి దగ్గులాంటి నవ్వు, నవ్వులాంటి దగ్గు.

"గట్లయితే బస్త దించుకో," అన్నాడు.

లెక్క ముగిస్తున్నాను. పోయినవి: ఒక ఉద్యోగం. సముద్రం కనిపించే కిటికీ ఒకటి. నల్ల గొడుగు ఒకటి, ఆలూరు బస్సులో మరిచిపోయాను. బాపు, బాపమ్మ, అమ్మ. తరుగు నాలుగు వందల అరవై కిలోమీటర్లు. అది మాత్రం నా చేత్తో నేనే ఇచ్చాను.